ఓడ నడిపిన చేతులే గానుగ తిప్పాయి
తూత్తుకుడి - కొలంబో మధ్య స్వదేశీ ఓడలు నడిపిన చిదంబరం పిళ్లై జీవితం

సెప్టెంబరు 5వ తేదీ అనగానే మన వూళ్లలో బడి గుర్తుకొస్తుంది. ఆ రోజు ఉపాధ్యాయ దినోత్సవం, సర్వేపల్లి రాధాకృష్ణన్ జయంతి. సరిగ్గా అదే తేదీన, రాధాకృష్ణన్ కంటే పదహారేళ్లు ముందుగా, 1872లో దక్షిణాదిన మరో పెద్దమనిషి పుట్టాడు. ఆయన పేరు వి.ఓ. చిదంబరం పిళ్లై. తమిళులు ఆయన్ను ఓడ నడిపిన తమిళుడని పిలుచుకుంటారు. తెల్లవాళ్ల కంపెనీ తప్ప మరొకరు ఓడ నడపలేని కాలంలో ఆయన తూత్తుకుడి రేవు నుంచి కొలంబోకు స్వదేశీ ఓడలు నడిపాడు. దానికి ఆయన చెల్లించిన వెల మాత్రం చిన్నది కాదు. ఆ కథలో మన కర్నూలుకు కూడా ఒక పాలు వుంది.

రేగడి నేలలో పుట్టుక

చిదంబరం పిళ్లై స్వగ్రామం ఒట్టపిడారం. అప్పట్లో అది తిరునెల్వేలి జిల్లాలో వుండేది. మన వైపులాగే అక్కడా నల్లరేగడి భూములు, పత్తి చేలు. ఆ ప్రాంతంలో తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ చాలా వున్నాయి. ఒట్టపిడారం పక్కనే పాంచాలంకురిచ్చి. కుంఫిణీ వాళ్లకు కప్పం కట్టనని ఎదురుతిరిగి, 1799 అక్టోబరు 16న కయత్తారులో వురికంబమెక్కిన వీరపాండ్య కట్టబొమ్మన కోట వున్న చోటు అది. కట్టబొమ్మన పూర్వీకులు తెలుగు నాయకులే. ఆ వీరుని కథలు వింటూనే చిదంబరం పిళ్లై పెరిగాడు.

తండ్రి ఉలగనాథ పిళ్లై ప్లీడరు. తల్లి పరమాయి అమ్మాళ్. కొడుకు చదువు ముగించి కొంతకాలం తాలూకా కచ్చేరీలో గుమాస్తాగా పనిచేశాడు. ఆ వుద్యోగం ఆయనకు సరిపడలేదు. తిరుచినాపల్లి వెళ్లి ప్లీడరు పరీక్ష చదివి ప్యాసయ్యాడు. సొంత వూళ్లోనే ప్రాక్టీసు పెట్టాడు. క్రిమినల్ కేసుల్లో మంచి పేరొచ్చింది. పేదల పక్షాన వాదించడం, అవసరమైతే ఫీజు వదులుకోవడం ఆయనకు అలవాటు. దానివల్ల స్థానిక అధికారులకు కంటగింపయ్యాడు. 1900లో మకాం తూత్తుకుడికి మార్చాడు. ప్లీడరీ బాగా సాగింది. ఇల్లూ వాకిలీ, నలుగురిలో మర్యాద అన్నీ సమకూరాయి. అక్కడితో ఆగివుంటే ఆయన జీవితం హాయిగా గడిచిపోయేది.

ఒక్క రాత్రి ప్రయాణం

తూత్తుకుడి నుంచి సింహళంలోని కొలంబోకు సముద్రం మీద ఒక్క రాత్రి ప్రయాణం. రెండు రేవులూ ఇరుగుపొరుగు వూళ్ల లెక్క. మద్రాసు నుంచి రైలెక్కి తూత్తుకుడిలో దిగితే కొలంబో పోయే స్టీమరు దొరికేది. 1914లో ధనుష్కోడి నుంచి తలైమన్నారుకు పడవ సర్వీసు మొదలయ్యేదాకా సింహళం పోయేవాళ్లకు ఇదే రాజమార్గం. కాఫీ, తేయాకు తోటల్లో కూలికి పోయేవాళ్లు, కొలంబోలో దుకాణాలు పెట్టుకున్న వర్తకులు, వాళ్ల చుట్టాలు ఈ దారినే వెళ్లి వస్తుండేవారు. బియ్యం, బట్టలు, మిరపకాయలు ఇక్కడినుంచి అటు పోయేవి.

తూత్తుకుడి రేవులో లోతు తక్కువ. స్టీమరు ఒడ్డుకు రాలేదు. కొన్ని మైళ్ల దూరంలో లంగరు వేసుకుని నిలబడేది. జనాన్నీ, బస్తాలనూ చిన్న పడవల్లో అక్కడిదాకా చేరవేసేవారు. ఇంత రాకపోకలున్న దారి మీద పెత్తనమంతా ఒకే ఒక్క ఇంగ్లీషు కంపెనీది. దాని పేరు బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. జనం బి.ఐ. కంపెనీ అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి మన తెలుగు కూలీలను రంగూన్‌కు చేరవేసింది కూడా ఈ కంపెనీ ఓడలే. దాని వెనక సర్కారు టపా కాంట్రాక్టులున్నాయి. అది చెప్పిందే కిరాయి. అది ఎక్కించుకుంటేనే సరుకు కదిలేది.

1905లో బెంగాల్ విభజన జరిగింది. విదేశీ వస్తువులు వదిలిపెట్టి స్వదేశీ సరుకే వాడాలన్న వుద్యమం దేశమంతా పాకింది. చిదంబరం పిళ్లై కూడా మగ్గాల సంఘం పెట్టాడు, స్వదేశీ అంగడి తెరిచాడు. కాని ఆయన చూపు సముద్రం మీద పడింది. బట్ట స్వదేశీ అయినా, దాన్ని మోసే ఓడ విదేశీయుడిదైతే లాభం ఎవరి సంచిలోకి పోతున్నట్టు? ఈ ప్రశ్నే ఆయన్ను ఓడల వ్యాపారంలోకి దింపింది.

పాతిక రూపాయల వాటా

1906 అక్టోబరు 16న స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ రిజిస్టరయ్యింది. కట్టబొమ్మనను వురితీసిన తేదీ కూడా అక్టోబరు 16 కావడం విశేషం. కంపెనీ మూలధనం 10 లక్షల రూపాయలు. దాన్ని 40 వేల వాటాలుగా విడగొట్టారు. వాటా ఒక్కింటికి 25 రూపాయలు. ఆసియా వాసులెవరైనా కొనవచ్చు. మన పల్లెల్లో పరపతి సంఘానికి వాటాధనం కట్టినట్టే అక్కడి జనం ఓడల కంపెనీకి వాటాలు కట్టారు. పాలవనత్తం జమీందారు పాండిత్తురై తేవర్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. ఒక ముస్లిం వర్తకుడు ఒక్కడే 8 వేల వాటాలు, అంటే 2 లక్షల రూపాయలవి, తీసుకున్నాడు. చిదంబరం పిళ్లై హోదా సహాయ కార్యదర్శి మాత్రమే. కాని పనంతా ఆయన భుజాల మీదే నడిచింది.

ఓడ నడిపి డబ్బు చేసుకోవడం ఒక్కటే ఆ కంపెనీ ఆశయం కాదు. మన దేశపు కుర్రవాళ్లకు ఓడ నడపడం నేర్పాలి, ఓడలు కట్టే పని నేర్పాలి, సొంతంగా ఓడలు కట్టే యార్డులు పెట్టాలి అని కంపెనీ కాగితాల్లో రాసుకున్నారు.

మొదట సొంత ఓడలు లేవు. బొంబాయిలోని షా లైన్ కంపెనీ నుంచి ఓడలు అద్దెకు తెచ్చి కొలంబోకు నడిపారు. బి.ఐ. కంపెనీ వూరుకోలేదు. షా లైన్ మీద ఒత్తిడి తెచ్చి ఆ ఓడలు వెనక్కు పోయేలా చేసింది. ఇక స్వదేశీ కంపెనీ పని అయిపోయిందనుకున్నారు. చిదంబరం పిళ్లై కొలంబో నుంచి మరో ఓడను బాడుగకు తెప్పించి సర్వీసు నిలిపాడు. అద్దె ఓడను నమ్ముకుంటే ఎప్పటికైనా ఇదే గతి అని ఆయనకు తెలిసిపోయింది.

సొంత ఓడ కొనడానికి బొంబాయి బయల్దేరాడు. అప్పుడు ఇంట్లో కొడుక్కు జబ్బు. భార్య మీనాక్షి అమ్మాళ్ నిండు గర్భిణి. ఇలాంటప్పుడు దూరదేశం పోవడమేమిటని అందరూ వారించారు. ఇంటివాళ్లను దేవుడు చూసుకుంటాడని చెప్పి ఆయన రైలెక్కాడు. ఓడతో తప్ప తిరిగి రానని కూడా చెప్పి మరీ వెళ్లాడు. అన్నట్టే 1907లో గాలియా అనే ఓడ తూత్తుకుడికి వచ్చింది. కంపెనీ తరఫున ఫ్రాన్సు వెళ్లిన వేదమూర్తి అనే మిత్రుడు లావో అనే రెండో ఓడ సంపాదించాడు. ఒక్కో ఓడలో పై తరగతుల వారు కాక 1300 మంది మామూలు ప్రయాణికులు పడతారు. 4 వేల బస్తాల సరుకు పడుతుంది. ఓడ చూడడానికి జనం తండోపతండాలుగా రేవుకు వచ్చారు. అది తమ పాతిక రూపాయలతో వచ్చిన ఓడ.

అర్ధరూపాయి టిక్కెట్టు

అసలు పోరు అప్పుడు మొదలయ్యింది. స్వదేశీ ఓడ రాగానే బి.ఐ. కంపెనీ కిరాయి తగ్గించింది. చివరికి కొలంబోకు ఒక్క రూపాయికే తీసుకుపోతామంది. స్వదేశీ కంపెనీ 8 అణాలకు దిగింది. అంటే అర్ధరూపాయి. దాంతో బి.ఐ. వాళ్లు అసలు డబ్బే వద్దు, వూరికే ఎక్కండి, పైగా ఒక గొడుగు కూడా ఇస్తామన్నారు.

ఇది విని నేడు మనం నవ్వవచ్చు. కాని అందులోని లెక్క నవ్వులాట కాదు. పెద్ద కంపెనీకి వంద రేవులున్నాయి. ఇక్కడ పోయింది మరోచోట రాబట్టుకుంటుంది. స్వదేశీ కంపెనీకి వున్నది ఒకే దారి. అక్కడ నష్టం వస్తే అది పాతిక రూపాయలు కట్టిన సామాన్యుడి నష్టం. చిన్నవాడు మూతబడేదాకా వూరికే ఇచ్చి, ఆ తర్వాత అడిగినంత గుంజుకోవడం ఈ వ్యాపారపు కిటుకు. సంతలో ఒక్కడే దళారీ మిగిలితే ధర ఏమవుతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు.

అంత జరిగినా చాలామంది ప్రయాణికులు, వర్తకులు స్వదేశీ ఓడనే ఎక్కారు. వూరికే వచ్చే ప్రయాణం, గొడుగు వదులుకుని అర్ధరూపాయి ఇచ్చి టిక్కెట్టు కొన్నారు. సర్కారు అధికారుల మొగ్గు మాత్రం బి.ఐ. కంపెనీ వైపే వుండేది.

మిల్లు కూలీల సమ్మె

ఓడల గొడవ ఇలా వుండగా, 1908 ఫిబ్రవరి 27న తూత్తుకుడి కోరల్ మిల్లు కూలీలు సమ్మెకట్టారు. అది తెల్లవాళ్ల నూలు మిల్లు. తెల్లవారక ముందే పనిలోకి వెళ్లి చీకటి పడ్డాక బయటకు రావడం, చాలీచాలని కూలి, సెలవు లేకపోవడం, పసిపిల్లల చేత కూడా పని చేయించడం, ఇవీ కూలీల కష్టాలు. చిదంబరం పిళ్లై, ఆయన సహచరుడు సుబ్రహ్మణ్య శివ వాళ్లకు అండగా నిలిచారు. పస్తులున్న కూలీల ఇళ్లకు వూళ్లోవాళ్లు చందాలు వేసుకుని సాయం చేశారు. సమ్మెను తప్పుబట్టిన ఒక పెద్దమనిషికి గడ్డం గీస్తున్న మంగలి, సగంలోనే కత్తి పెట్టెలో పెట్టుకుని లేచిపోయాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. తొమ్మిది రోజులకు మిల్లు దొరలు దిగివచ్చారు. కూలి పెంచారు, పనిగంటలు తగ్గించారు, ఆదివారం సెలవిచ్చారు.

ఓడల కంపెనీతో వర్తకులు ఆయన వెంట వున్నారు. ఇప్పుడు కూలీలు కూడా చేరారు. దొరతనానికి ఇక ఆయన్ను బయట వుంచే ధైర్యం లేకపోయింది.

బిపిన్ చంద్రపాల్ విడుదల

సాకు కూడా వెంటనే దొరికింది. 1907 ఏప్రిల్‌లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ మన తెలుగు జిల్లాల్లో పర్యటించాడు. విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, బందరుల్లో ఆయన వుపన్యాసాలు విని జనం వూగిపోయారు. రాజమండ్రిలో వందేమాతరం అన్న విద్యార్థులను ట్రెయినింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. వారిలో కర్నూలుకు చెందిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకరు.

ఆ పాల్‌గారే తర్వాత అరవిందుని కేసులో సాక్ష్యం చెప్పనన్నందుకు ఆరునెలలు జైలుకు వెళ్లి, 1908 మార్చి 9న విడుదలయ్యారు. ఆ విడుదలను పండుగలా జరపాలని చిదంబరం పిళ్లై, శివ పూనుకున్నారు. కలెక్టరు వించ్ వద్దన్నాడు. వాళ్లు వినలేదు. సభ జరిగింది. మార్చి 12న ఇద్దరినీ తిరునెల్వేలిలో అరెస్టు చేశారు.

మర్నాడు తిరునెల్వేలి భగ్గుమంది. అంగళ్లు మూతబడ్డాయి. జనం మున్సిపల్ ఆఫీసుకు, పోలీసు ఠాణాకు నిప్పు పెట్టారు. మున్సిపాలిటీ కిరసనాయిలు నిల్వ కూడా తగలబడింది. పోలీసు కాల్పుల్లో నలుగురు చనిపోయారు. తూత్తుకుడిలో మిల్లు కూలీలు మళ్లీ పని మానేశారు. ఈసారి కూలి కోసం కాదు, తమకు అండగా నిలిచిన మనిషి కోసం.

మన కర్నూలు పాలు ఇక్కడే వుంది. ట్రెయినింగ్ కాలేజీ నుంచి వెళ్లగొట్టబడిన హరిసర్వోత్తమరావు అప్పటికి బెజవాడలో స్వరాజ్య పత్రిక నడుపుతున్నారు. తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ పత్రికలో తీవ్రంగా రాశారు. దాన్ని రాజద్రోహంగా పట్టుకుని సర్కారు ఆయన్ను మూడేళ్లు జైలులో పెట్టింది. ఎక్కడి తూత్తుకుడి, ఎక్కడి కర్నూలు! తిరునెల్వేలిలో రాలిన ప్రాణాల కోసం మన జిల్లా బిడ్డ కఠిన శిక్ష అనుభవించాడు. తర్వాతి కాలంలో గ్రంథాలయాలకు, వయోజన విద్యకు ఆ మహనీయుడు చేసిన సేవ మనవాళ్లకు తెలిసిందే.

గానుగకు కట్టిన ప్లీడరు

1908 జూలై 7న జడ్జి పిన్హే తీర్పు చెప్పాడు. చిదంబరం పిళ్లైకి ఒకటి కాదు, రెండు యావజ్జీవ ద్వీపాంతర శిక్షలు. రాజద్రోహపు వుపన్యాసాలకు ఒకటి, శివకు తోడ్పడినందుకు మరొకటి. శివకు పదేళ్లు. అప్పటికి చిదంబరం పిళ్లై వయసు 35 ఏళ్లు. వార్త విన్న తమ్ముడు మీనాక్షిసుందరానికి మతి చలించింది. అది మళ్లీ కుదుటపడలేదు. అప్పీళ్ల మీద శిక్ష చివరికి ఆరేళ్లకు తగ్గింది.

కోయంబత్తూరు జైలులో ఆయన్ను మామూలు ఖైదీలతో కలిపి కష్టమైన పనుల్లో పెట్టారు. చేతుల చర్మం ఒలిచిపోయి నెత్తురు కారింది. తర్వాత నూనె గానుగకు మార్చారు. గానుగెద్దు బ్రతుకంటే ఏమిటో పల్లెవాళ్లకు తెలుసు. పొద్దంతా తిరిగినా వున్నచోటే వుంటుంది. కళ్లకు గంతలు, నెత్తిన ఎండ. ఆ ఎద్దు కట్టవలసిన చోట ఓడల కంపెనీ నడిపిన ప్లీడరును కట్టారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆయన గానుగ తిప్పాడు. అయినా తోటి ఖైదీలకు అర్జీలు రాసిపెట్టడం మానలేదు. 1910 డిసెంబరులో ఆయన్ను కన్ననూరు జైలుకు మార్చారు.

ఆయన కన్ననూరులో వున్నప్పుడే, 1911 జూన్ 17న, మణియాచ్చి స్టేషనులో ఆష్ అనే కలెక్టరును వాంచినాథన్ అనే యువకుడు కాల్చి చంపి, తనను తాను కాల్చుకున్నాడు. 1908లో తూత్తుకుడి సబ్ కలెక్టరుగా స్వదేశీ వుద్యమాన్ని అణచినవాడు ఈ ఆష్.

అదే ఏడాది స్వదేశీ కంపెనీ కూడా మూతబడింది. నడిపించే మనిషి జైలులో వున్నాడు. వాటాదార్లు బెదిరిపోయారు. అప్పులు పెరిగాయి. ఓడలను అమ్మేశారు. ఏ కంపెనీ మీద పోటీకి తెచ్చారో ఆ బి.ఐ. కంపెనీకే గాలియా దక్కిందని చెబుతారు. జైలు కష్టాలకు కుంగని చిదంబరం పిళ్లైని ఆ కబురు కుంగదీసింది.

వీధిలో చిల్లర కొట్టు

1912 డిసెంబరు 24న ఆయన విడుదలయ్యాడు. పూలదండలు లేవు, వూరేగింపు లేదు. జైలు గేటు దగ్గర కొద్దిమంది మాత్రమే వున్నారు. సహచరుడు శివకు జైలులో కుష్టువ్యాధి సోకింది. మరో మిత్రుడు కవి సుబ్రహ్మణ్య భారతి పోలీసుల చేతికి చిక్కకుండా 1908లోనే పుదుచ్చేరి చేరి అక్కడే వుండిపోయాడు. చిదంబరం పిళ్లై ప్లీడరు సన్నదు రద్దయ్యింది. సొంత జిల్లాలో అడుగుపెట్టరాదని ఆంక్ష పెట్టారు. ఆస్తి కరిగిపోయింది. మద్రాసు చేరి భార్యాబిడ్డలతో అద్దె ఇళ్లలో కాపురం పెట్టాడు. బియ్యం, నెయ్యి అమ్మే చిన్న కొట్లు పెట్టి చూశాడు. లక్షల కంపెనీ నడిపినవాడికి చిల్లర కొట్టు అచ్చిరాలేదు.

ఆ రోజుల్లోనే ఒక సంగతి జరిగింది. దక్షిణాఫ్రికాలోని భారతీయులు ఆయన కష్టం విని చందా పోగుచేసి గాంధీజీ ద్వారా పంపారు. ఆ సొమ్ము చేరడంలో ఆలస్యమయ్యింది. 1915లో దానికోసం ఇద్దరి మధ్య వుత్తరాలు నడిచాయి. అడగడానికి సంకోచం, అడగకుండా వుండలేని అవసరం. చివరకు 1916 జనవరిలో 347 రూపాయల 12 అణాలు ఆయన చేతికందాయి. పది లక్షల కంపెనీ నిలబెట్టిన మనిషి ఇంట్లో ఆ డబ్బుకు ఎదురుచూపులు తప్పలేదు.

తర్వాత మద్రాసులో కార్మిక సంఘాల పని చేశాడు. 1920లో సహాయ నిరాకరణ విధానం నచ్చక కాంగ్రెసుకు దూరమయ్యాడు. పోయిన సన్నదు తిరిగి ఇప్పించినవాడు వాలెస్ అనే తెల్ల జడ్జి. ఆ మేలు మరవక చిదంబరం పిళ్లై తన కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నాడు. తెల్ల దొరతనంతో జీవితమంతా పోరాడినా, మేలు చేసిన మనిషి రంగు చూడలేదు. కోవిల్‌పట్టిలో మళ్లీ ప్లీడరీ మొదలుపెట్టాడు. కాని పాత రాబడి రాలేదు. 1932లో తూత్తుకుడి చేరాడు. తిరుక్కురళ్‌కు వ్యాఖ్య రాశాడు. తమిళ వ్యాకరణ గ్రంథమైన తొల్కాప్పియాన్ని పరిష్కరించాడు. తన కథను తానే పద్యాల్లో చెప్పుకున్నాడు.

1936 నవంబరు 18న ఆయన కన్నుమూశాడు. అవసానకాలంలో తనను తూత్తుకుడి కాంగ్రెసు ఆఫీసుకు తీసుకువెళ్లమని కోరాడు. అక్కడే ప్రాణం విడిచాడు. ఇంటివాళ్లకు మిగిల్చింది అప్పులే.

విశాఖలో నెరవేరిన కోరిక

ఆయన మొదలుపెట్టిన పని ఆయనతో పోలేదు. 1919 ఏప్రిల్ 5న సింధియా కంపెనీ వారి లాయల్టీ అనే ఓడ బొంబాయి నుంచి లండనుకు బయల్దేరింది. సింధియా మీద కూడా ఇంగ్లీషు కంపెనీలు కిరాయి యుద్ధం చేశాయి. అది తట్టుకుని నిలబడింది. మన దేశంలోనే ఓడలు కట్టాలని 1906లో స్వదేశీ కంపెనీ కాగితం మీద రాసుకున్న కోరిక మన విశాఖపట్నంలో నెరవేరింది. సింధియా వాళ్లు పెట్టిన యార్డులో కట్టిన జల ఉష ఓడను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ సముద్రంలోకి దించారు.

చిదంబరం పిళ్లై కథను 1961లో బి.ఆర్. పంతులు తమిళంలో సినిమాగా తీశారు. శివాజీ గణేశన్ ఆ పాత్ర ధరించారు. 1972లో శతజయంతికి తపాలా బిళ్ల వెలువడింది. 2011లో తూత్తుకుడి రేవుకు ఆయన పేరు పెట్టారు. ఆ సంవత్సరమే జూన్‌లో తూత్తుకుడి - కొలంబో ప్రయాణికుల ఓడను మళ్లీ మొదలుపెట్టారు గాని, కొద్ది నెలలకే అది ఆగిపోయింది.

ఆయన తిప్పిన గానుగను మద్రాసు గిండీలోని గాంధీ మండపం ఆవరణలో భద్రపరిచారు. పట్నం వెళ్లినవాళ్లు చూసి రావచ్చు. మన వూళ్లలో గానుగలు ఎప్పుడో మూలపడ్డాయి గాని, ఆ రాతిని చూడగానే అది ఎంత బరువో పెద్దవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.